క్రీ.శ. 120లో రోము: విశాఖవాసికి ఒక యాత్రాదర్శిని

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే సముద్రపు దారిలో, తొట్లకొండ మీద 1988లో మొదలైన తవ్వకాలలో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. బండలో తొలిచిన తొట్లలో నీరు నిలవ చేసుకుని బౌద్ధ భిక్షువులు బతికిన ఆ కొండకు అంత దూరపు సొమ్ము చేరిందంటే, దాని వెనుక ఒక దారి ఉండి తీరాలి. నాణెం ఇటు వచ్చిన దారిలో మనిషి అటు పోలేడా అన్న చిలిపి ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. పోతే ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, ఎప్పుడు స్నానం చేయాలి, దేనికి భయపడాలి అన్నవి ఆ వెనుక వచ్చే ప్రశ్నలు. కాలం క్రీ.శ. 120 అనుకుందాం. హేడ్రియన్ చక్రవర్తి గద్దెనెక్కి మూడేళ్ళయింది. కొలోసియం అనే పోరాటాల రంగశాల కట్టి నలభై ఏళ్ళయింది. ఆయనకు ముందటి చక్రవర్తి ట్రాజన్ పేరు మీద వెలసిన స్నానశాలకు ఇంకా కొత్త సున్నం వాసన పోలేదు. చూడదలచినవాడు రోమును చూడవలసిన సమయం ఇదే.

ఆ ఊరి దైనందిన జీవితం గురించి చదివేవారిని మొదట తికమక పెట్టే సంగతి ఒకటుంది. ఒకవైపు పాలరాతి స్నానశాలలు, రాత్రింబవళ్ళు పారే వీధి తొట్లు, ప్రభుత్వం ఉచితంగా పంచే ధాన్యం కనబడతాయి. మరోవైపు వంటగది లేని గదులు, మరుగుదొడ్డి లేని వాటాలు, పై కిటికీలోంచి కిందికి గుమ్మరించే కుండలు కనబడతాయి. ఈ రెండూ ఒకే ఊరివంటే నమ్మబుద్ధి కాదు. చిక్కు విడదీసే కొస ఏమిటంటే, రోములో సామాన్యుడికి ఇల్లు పడుకోవడానికి మాత్రమే. వండుకోవడం, కడుక్కోవడం, నలుగురితో కూర్చుని మాట్లాడుకోవడం, ఎండ తగలకుండా నీడపట్టున నిలబడడం వంటివన్నీ ఊరు చూసుకుంటుంది. పాలకుడు డబ్బు ఖర్చు పెట్టేది ఊరి మీద. ఇంటి యజమాని డబ్బు మిగుల్చుకునేది ఇంటి మీద. ఇది గుర్తుంచుకుంటే మిగిలిన వింతలు వాటంతట అవే అర్థమవుతాయి.

ముందు ప్రయాణం సంగతి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఈజిప్టులో ఉండిన ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్ అనే సముద్రమార్గ వివరణలో మసాలియా ప్రాంతంలో నేత బట్ట విరివిగా తయారవుతుందని ఉంది. పండితులు దీనిని కృష్ణా డెల్టా తీరంగా గుర్తిస్తారు. ఆ వెంటనే రచయిత ఏనుగు దంతం దొరికే దొసరేనెకు, అంటే కళింగ తీరం వైపుకు వెళ్ళిపోతాడు. మన ఒడ్డు మీదుగానే పోయాడు గాని ఊరి పేరు చెప్పలేదు. కనుక యాత్రికుడు మన తీరం నుంచి కోస్తా పడవల మీద దక్షిణానికి దిగి, తమిళ తీరం నుంచి పాలక్కాడు కనుమ గుండా నేల మీద కేరళలోని ముజిరిస్ రేవుకు చేరుకోవడం మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం ఎలా ఉంటుందో 2014లో హుద్‌హుద్ తుఫానును చూసినవారికి చెప్పనక్కరలేదు కాబట్టి, పడవ ప్రయాణాన్ని అంతకు ముందే ముగించాలి. ముజిరిస్ నుంచి పడమటికి వెళ్ళే ఓడలు డిసెంబరులో, మరీ ఆలస్యమైతే జనవరి సగం లోపల ఈశాన్య గాలి అందుకుని బయలుదేరతాయి. ఎర్రసముద్రపు ఒడ్డున ఉన్న బెరెనికె రేవులో దిగి, ఎడారిలో ఒంటెల మీద పన్నెండు రోజులు నడిచి, నైలు నది మీద అలెగ్జాండ్రియాకు, అక్కడి నుంచి మధ్యధరా సముద్రం మీద ఇటలీకి చేరాలి.

చేతిలో ఏముండాలన్నది తరువాతి ప్రశ్న. శాతవాహనుల సీసపు నాణేలను రోము సరాఫు చూసి నవ్వుతాడు. ముజిరిస్‌లో మిరియాలు కొనుక్కుపోవడం తెలివైన పని. ఇప్పుడంటే పాడేరు, చింతపల్లి కాఫీ తోటల్లో మిరియాల తీగలు పాకుతున్నాయి గాని, ఆ కాలంలో ఎగుమతి సరుకంతా కేరళ వైపుదే. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాసిన ధరల ప్రకారం రోములో నల్ల మిరియాలు పౌను నాలుగు డెనారియస్‌లు (వెండి నాణేలు), తెల్లవి ఏడు, పిప్పళ్ళు పదిహేను. రోమన్ పౌను సుమారు 327 గ్రాములు. రోమన్ సేనలోని లీజియన్ అనే దళపు సైనికుడి ఏడాది జీతం అప్పట్లో 300 డెనారియస్‌లు కాబట్టి, ఆ ధరల లెక్కన పాతిక కిలోల లోపు నల్ల మిరియాల మూట ఒక సిపాయి సంవత్సరపు సంపాదనతో సమానం. అయితే తూర్పు సరుకు మీద నాలుగో వంతు సుంకంగా పోతుంది. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్షియస్‌లకు తక్కువ కాకుండా లాగేసుకుంటోందని వాపోయిన ప్లినీ ఆ సుంకం మాట మాత్రం అక్కడ ఎత్తలేదు. మారకం లెక్క తేలికే: ఒక బంగారు ఆరియస్‌కు 25 డెనారియస్‌లు, ఒక డెనారియస్‌కు నాలుగు సెస్టెర్షియస్‌లు, ఒక సెస్టెర్షియస్‌కు నాలుగు ఆస్‌లు, ఒక ఆస్‌కు నాలుగు క్వాడ్రన్స్‌లు. మీ రోజువారీ ఖర్చంతా చివరి రెండింటిలోనే నడుస్తుంది.

ఊరిలో అడుగు పెట్టగానే ఒత్తిడి తెలుస్తుంది. జనాభా సుమారు పది లక్షలని చరిత్రకారుల అంచనా. 2011 లెక్కల్లో విశాఖ పదిహేడు లక్షలు దాటింది గాని, మనం గాజువాక నుంచి మధురవాడ దాకా సర్దుకున్నాం. రోము చుట్టూ మూడో శతాబ్దంలో కట్టిన గోడ లోపలి వైశాల్యం పద్నాలుగు చదరపు కిలోమీటర్లకు మించదు, జనంలో అత్యధికులు దాదాపు ఆ పరిధిలోనే ఇరుక్కుని ఉంటారు. ఇళ్ళకు నంబర్లు లేవు. ఫలానా గుడి వెనుక, ఫలానా విగ్రహం ఎదురుగా అని అడుగుతూ పోవాలి. జగదాంబ జంక్షన్‌నో సిరిపురాన్నో ఆనవాలుగా చెప్పుకునే మనకు ఇందులో ఇబ్బంది లేదు.

కాలం దగ్గర మాత్రం ఇబ్బంది ఉంది, ఇక్కడ కాస్త ఆగాలి. రోమన్లు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న వెలుగును పన్నెండు భాగాలు చేసి ఒక్కొక్క దానినీ ఒక గంట అంటారు. పగలు ఎంత పొడవుంటే గంట అంత సాగుతుంది. రోములో జూన్ నెలాఖరున పగలు పదిహేను గంటలు దాటుతుంది కాబట్టి వారి గంట మన లెక్కన సుమారు 75 నిమిషాలు. డిసెంబరులో అదే గంట 45 నిమిషాలకు కుంచించుకుపోతుంది. విశాఖ భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఇదే పద్ధతి ఇక్కడ పాటించినా జూన్‌లో 66 నిమిషాలు, డిసెంబరులో 55 నిమిషాలు వచ్చేవి, తేడా పెద్దగా తెలిసేది కాదు. అక్కడ మాత్రం ఎండాకాలంలో గంట సేపు కూలికి ఒప్పుకున్నవాడు చలికాలపు కూలివాని కంటే సగానికి పైగా ఎక్కువ పని చేస్తాడు. కార్తేజ్‌తో జరిగిన మొదటి ప్యూనిక్ యుద్ధంలో సిసిలీలోని కటానియా నుంచి దోచి తెచ్చిన నీడ గడియారాన్ని క్రీ.పూ. 263లో నడిబొడ్డున నిలబెట్టారు. అది ఇంకా దక్షిణాన ఉన్న ఊరి అక్షాంశానికి గీసినది కావడంతో రోములో సరైన గంట చూపించలేదు. అయినా తొంభై తొమ్మిదేళ్ళ పాటు ఊరంతా దానినే నమ్ముకుంది. గడియారాల మధ్య కంటే తత్త్వవేత్తల మధ్య ఏకాభిప్రాయం కుదరడం తేలికని రోమన్ రచయిత సెనెకా వేళాకోళం చేశాడు. యాత్రికుడు గుర్తుంచుకోవలసినవి నాలుగే వేళలు: తెల్లవారగానే పెద్దమనుషుల దర్శనం, ఆరో గంటకు మధ్యాహ్నం, ఎనిమిదో గంటకు స్నానం, తొమ్మిదో గంటకు భోజనం.

ఆ దర్శనాల మాట ముందు చెప్పాలి. ధనికుడి గుమ్మం ముందు తెల్లవారుజామునే ఆశ్రితులు బారులు తీరుతారు. వంగి నమస్కరించి, వెంట నడిచి, కోర్టులో అరిచి మద్దతు పలికినందుకు వారికి ముట్టేది వంద క్వాడ్రన్స్‌లు, అంటే ఆరుంపావు సెస్టెర్షియస్‌లు. పెద్దవారి ఇంటి వసారాలో ఉదయం పూట జనం కూర్చుని ఉండడం మన దగ్గరా కొత్త కాదు. రేటు నిర్ణయమై ఉండడమే కొత్త.

ఇక బస. ఇన్సులా అని పిలిచే బహుళ అంతస్తుల అద్దె భవనంలో గది దొరుకుతుంది. కింద వీధి వైపు దుకాణాలు, వాటి పైన కాస్త విశాలమైన వాటాలు, ఆ పైకి పోయే కొద్దీ ఇరుకు, చీకటి, చెక్క. బీచ్ రోడ్డులో పై అంతస్తు కొనేవాడు సముద్రం కనబడుతుందని ఎక్కువ పోస్తాడు. రోములో లిఫ్టు లేదు, పైకి నీరు రాదు, నిప్పంటుకుంటే అందరి కంటే ఆలస్యంగా తెలిసేది పైవాడికే, కాబట్టి బీదవాడే పైకెక్కుతాడు. భవనాలు కూలిపోతుంటే మొదటి చక్రవర్తి అగస్టస్ ఎత్తును డెబ్బై అడుగులకు పరిమితం చేశాడు, ట్రాజన్ దానిని అరవైకి, అంటే దాదాపు 18 మీటర్లకు దించాడు. గదిలో వంటకు కుంపటి తప్ప గతి లేదు, పొగ పోవడానికి చిమ్నీ లేదు. క్రీ.శ. 6లో అగస్టస్ ఏర్పరచిన అగ్నిమాపక దళం రాత్రంతా గస్తీ తిరుగుతుంది. ఏడు పటాలాలు, ఒక్కొక్కటి రెండు వార్డులకు. గది చూసుకునేటప్పుడు రెండో అంతస్తు దాటవద్దని నా సలహా, డబ్బు ఎంత మిగిలినా సరే.

వీధిలో నడిచేటప్పుడు గోడ పక్కగా పోవద్దు. పై కిటికీల నుంచి ఏదైనా పడవచ్చు, ఏదైనా అంటే ఏదైనా. దీనికి చట్టం కూడా ఉంది: పారబోసిన దాని వల్ల ఆస్తికి నష్టం కలిగితే ఆ వాటాలో ఉన్నవాడు రెట్టింపు చెల్లించాలి, గాయమైతే వైద్యం ఖర్చు, పోయిన కూలి ఇవ్వాలి, మచ్చ మిగిలితే మాత్రం పరిహారం లేదు, ఎందుకంటే స్వతంత్రుడి శరీరానికి వెల కట్టకూడదట. ఎవరు విసిరారో తేలకపోతే ఆ గదిలో నివసించేవాడే బాధ్యుడు. ఇంత వివరంగా చట్టం రాశారంటే ఎంత తరచుగా తల పగిలేదో ఊహించుకోవచ్చు.

నీటి ఏర్పాటు మాత్రం చేతులెత్తి మొక్కదగ్గది. తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డల నుంచి నీరు తెచ్చుకునే ఊరివారికి ఇందులోని కష్టం తెలుసు. రోముకు ఈ సమయానికి పది కాలువల ద్వారా నీరు వస్తుంది, క్రీ.శ. 109లో వచ్చిన ట్రాజన్ కాలువ వాటిలో కొత్తది. మార్షియా కాలువ పొడవు 91 కిలోమీటర్లు. మనం బొమ్మల్లో చూసే ఎత్తైన రాతి తోరణాలు అందులో కొద్ది భాగమే, ఎనభై కిలోమీటర్ల దాకా అది భూమి లోపలే నడుస్తుంది. పంపులు లేవు, ఊట నుంచి ఊరి దాకా నేల వాలు తప్పకుండా తవ్వుకుంటూ రావడమే విద్య. ఊరిలోకి వచ్చిన నీరు సీసపు గొట్టాల ద్వారా మొదట వీధి తొట్లకు, స్నానశాలలకు, చక్రవర్తి అనుమతి పొందిన కొందరి ఇళ్ళకు చేరుతుంది. ఆ అనుమతి మనిషికే గాని ఇంటికి కాదు. ఇల్లు అమ్మితే కొన్నవాడు మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి. తొట్లలో పొంగిన నీరు వృథా కాదు, అదే మురుగు కాలువలను కడిగేస్తుంది. క్రీ.శ. 97లో నీటి శాఖ బాధ్యత తీసుకున్న ఫ్రాంటినస్ లెక్కలు తీయగా, పట్టీలో ఉన్న దానికీ కాలువలో ఉన్న దానికీ పొంతన కుదరలేదు. సిబ్బంది చేయి తడిపించుకుని, రోడ్డు కింద దొంగచాటుగా గొట్టానికి తూట్లు పొడిచి దారిలోని దుకాణాలకు నీరు ఇస్తున్నారని ఆయన స్వయంగా రాసుకున్నాడు. పంతొమ్మిది వందల ఏళ్ళ తరువాత కూడా ఏ నీటి శాఖ ఇంజనీరుకు చదివి వినిపించినా ఆయన ఆశ్చర్యపోడు.

మరుగుదొడ్డి గురించి దాచి చెప్పడం న్యాయం కాదు. వీధి మరుగుదొడ్లలో పొడవాటి రాతి బల్లకు వరుసగా రంధ్రాలుంటాయి, మధ్యలో అడ్డుగోడలుండవు. పక్కవాడు ధాన్యం ధర గురించి మాట కలిపితే జవాబివ్వడం మర్యాద. శుభ్రతకు కర్రకు కట్టిన స్పంజి ఉంటుంది, అది అందరిదీ. విశాఖవాసి తన చెంబు తాను తెచ్చుకోవడం శ్రేయస్కరం.

ఎనిమిదో గంట కాగానే ఊరంతా స్నానశాల దారి పడుతుంది. ప్రవేశానికి ఒక క్వాడ్రన్స్ చాలు. పోర్చుగల్‌లో ఒక గనుల ఊరిలో దొరికిన హేడ్రియన్ కాలపు శాసనం ప్రకారం అక్కడ మగవారికి అర ఆస్, ఆడవారికి పూర్తి ఆస్; ఆడవారు ఉదయం, మగవారు మధ్యాహ్నం తరువాత. బట్టలు విప్పి గోడ గూట్లో పెట్టేటప్పుడు కాపలాకు ఎవరినైనా నిలబెట్టుకోవాలి, బట్టల దొంగలు ఎక్కువ. సబ్బు లేదు. ఒంటికి ఆలివ్ నూనె మర్దనా చేసుకుని, కసరత్తు చేసి చెమట పట్టించి, కొడవలిలా వంగిన లోహపు గీకుడు పరికరంతో భుజం నుంచి మణికట్టు దాకా, తొడ నుంచి మడమ దాకా ఒకే ఊపులో లాగితే నూనె, చెమట, మట్టి కలిసిన బూడిదరంగు ముద్ద అంచున పేరుకుంటుంది. దానిని విదిలించి మళ్ళీ లాగాలి. నూనెతో తలంటుకునే జనానికి మొదటి సగం తెలిసినదే, కుంకుడుకాయ లేకపోవడమే వెలితి. తరువాత గోరువెచ్చని గది, వేడి గది, చివరికి చన్నీటి కొలను. వేడి గది నేల కింద ఇటుక స్తంభాల మధ్య పొయ్యి సెగ తిరుగుతుంది కాబట్టి చెక్క చెప్పులు లేకుండా అడుగు పెట్టవద్దు. పచ్చి గాయం ఉన్నవారు మానుకోవాలి. గాయం కుళ్ళిపోతుందని సెల్సస్ అనే వైద్య రచయిత హెచ్చరించాడు. పైగా రోగులూ ఆరోగ్యవంతులూ దిగేది ఒకే నీటిలో.

హేడ్రియన్ గురించి ఒక కథ చెప్పుకుంటారు. వీపు రుద్దడానికి బానిస లేక గోడకు వీపు రాసుకుంటున్న ఒక పాత సైనికుడిని చూసి ఆయన బానిసలను, వారి పోషణకు డబ్బును ఇప్పించాడు. మరోసారి వచ్చేసరికి ముసలివాళ్ళు చాలామంది గోడలకు వీపులు రుద్దుకుంటూ కనబడ్డారు. ఒకరి వీపు ఒకరు రుద్దుకోండని చెప్పి చక్రవర్తి వెళ్ళిపోయాడు.

భోజనం దగ్గర తెలుగువాడికి అసలు పరీక్ష. అన్నం లేదు, బియ్యం వైద్యులు జావగా వాడే విదేశీ సరుకు. టొమాటో లేదు, బంగాళాదుంప లేదు, పంచదార లేదు, చింతపండు పేరు కూడా వినరు. మిరపకాయ లేదని బెంగ పెట్టుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: క్రీ.శ. 120లో ఆంధ్రదేశంలోనూ మిరపకాయ లేదు, అమెరికా ఖండం నుంచి ఆ గింజ రావడానికి ఇంకా దాదాపు పద్నాలుగు వందల ఏళ్ళుంది. మన పూర్వీకుల కారం ఎక్కువగా మిరియాలదే. ఆ మిరియాలే రోము సంపన్నుల వంటల్లో తియ్యని వాటితో సహా అన్నిటిలోనూ పడతాయి. కాబట్టి రుచి మనం అనుకున్నంత పరాయిది కాదు. గారమ్ అనే పులుసు ఇంకా దగ్గరి చుట్టం. చిన్న చేపలను, చేపల పేగులను ఉప్పులో వేసి నెలల తరబడి ఎండలో మాగబెట్టి, పైకి తేలిన తేటను వడగడతారు. ఫిషింగ్ హార్బరు పక్కన ఎండుచేపల గాలి పీల్చి పెరిగినవాడు ఆ వాసనకు ముక్కు మూసుకోడు.

తినేది వీధి దుకాణంలో. ఎల్ ఆకారంలో కట్టిన గట్టు, దాని పైభాగంలో గుండ్రటి రంధ్రాలు, ఆ రంధ్రాలలో గట్టు లోపలికి పాతిన పెద్ద జాడీలు: ఇదీ దుకాణం రూపం. అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన పాంపేయీ ఊరి శిథిలాల్లో ఇవి ఇప్పటికీ చూడవచ్చు. అక్కడి ఒక గోడ రాత ప్రకారం ఒక ఆస్‌కు తాగవచ్చు, రెండు ఆస్‌లకు మెరుగైనది, నాలుగు ఆస్‌లకు పేరుమోసిన ఫలెర్నియన్ ద్రాక్షసారా. సారాలో నీళ్ళు కలుపుకోకుండా తాగితే మోటువాడని చూస్తారు. ఇలాంటి చోట్ల జనం గుమికూడి రాజకీయాలు మాట్లాడతారని పాలకులకు అనుమానం. అందుకే నీరో చక్రవర్తి తన కాలంలో పప్పులు, కూరగాయలు తప్ప వండిన పదార్థాలేవీ దుకాణాల్లో అమ్మకూడదని ఆజ్ఞాపించాడు. ఇలాంటి ఆజ్ఞలు మళ్ళీ మళ్ళీ జారీ కావడం చూస్తే, వాటిని ఎవరూ లెక్కచేయలేదని తెలుస్తుంది. ఉచిత ధాన్యం సంగతి అడగవద్దు: నెలకు ఐదు మోడియస్‌లు, సుమారు 33 కిలోల గోధుమ, రెండు లక్షల మంది పౌరులకు అందుతుంది గాని విదేశీయుడికి రాదు. పైగా గోధుమ పిండి పట్టించుకుని రొట్టె కాల్పించుకోవడానికి మళ్ళీ వీధిలోని రొట్టెల బట్టీ వాడికే డబ్బివ్వాలి.

కొలోసియంలో వినోదానికి డబ్బు తీసుకోరు. ఎండ పడకుండా పైన కాన్వాసు పందిరి లాగడానికి ఇటలీలోని మిసేనమ్ రేవు నౌకాదళపు నావికులను ప్రత్యేకంగా ఊరిలో ఉంచారు; తూర్పు నౌకాదళ కేంద్రంలో పుట్టి పెరిగినవారికి ఇది గర్వంగా అనిపించవచ్చు, కింద ఇసుకలో జరుగుతున్నది చూడనంత వరకు. ట్రాజన్ నేటి రొమేనియా ప్రాంతమైన డేసియాను జయించి వచ్చాక 123 రోజులు ఆటలు జరిపించాడు, పదకొండు వేల జంతువులు చచ్చాయని చరిత్రకారుడు డియో రాశాడు. ఆ సందర్భంలోనే వచ్చిన భారతీయ రాయబారులను, ఇతర దేశాల దూతలను సెనెటర్ల వరుసలో కూర్చోబెట్టాడని కూడా రాశాడు. మీకు ఆ చోటు దొరకదు. మీరు పైకెక్కాలి, ఆడవారు ఇంకా పైకెక్కాలి.

పరాయివాడికి ఉన్న అసలు ప్రమాదం రాయి తలమీద పడడం కాదు, హోదా. రోములో ప్రతి మనిషీ పౌరుడో, విదేశీయుడో, బానిసత్వం నుంచి విడుదలైనవాడో, బానిసో ఏదో ఒకటి అయి ఉండాలి. స్నానశాల పొయ్యిలో కట్టెలు వేసేది, నీటి కాలువలు బాగుచేసేది, తెల్లవారి తలుపు తీసేది ఎక్కువగా చివరి తరగతివారే. ఊరు అందరికీ సమకూర్చే సుఖాల కింద ఆ చాకిరీ ఉంది. హామీ ఇచ్చేవారు లేని ఒంటరి ప్రయాణికుడిని ఎవరైనా పట్టుకుని పారిపోయిన బానిస అన్నారంటే కాదని నిరూపించుకోవడం అతని పని. టోగా కట్టవద్దు, అది పౌరుల ఉడుపు. సరదాకైనా రోమన్ ఇంటిపేరు తగిలించుకోవద్దు; క్లాడియస్ చక్రవర్తి విదేశీయులకు దానిని నిషేధించాడు, పౌరుడినని బొంకినవారికి మరణశిక్ష వేయించాడు. అలెగ్జాండ్రియా వర్తకుడి పరిచయం ముందే సంపాదించుకుని, అతని మనిషిగా తిరగడమే క్షేమం.

నిద్ర ఆశించవద్దు. జూలియస్ సీజర్ కాలం నుంచీ సూర్యోదయం మొదలు పదో గంట వరకు బండ్లు ఊరిలో తిరగరాదు, గుడి నిర్మాణం వంటి కొన్ని పనులకే మినహాయింపు. పగలంతా నడిచేవారికి వీధులు ఖాళీ అవుతాయి. సరుకంతా రాత్రి వస్తుంది, ఇనుప పట్టాల చక్రాలు రాళ్ళ మీద మోగుతాయి, ఇరుకు మలుపులో బండివాళ్ళు తిట్టుకుంటారు. నిద్ర లేక రోగులు చచ్చిపోతున్నారని వ్యంగ్యకవి జువెనల్ రాసినది అతిశయోక్తే కావచ్చు గాని పూర్తిగా కాదు. వేసవి చివర, ముఖ్యంగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, ఊరిలో మలేరియా జ్వరాలు విజృంభిస్తాయి, కలిగినవారు కొండ ఊళ్ళకు పోతారు.

తిరుగు ప్రయాణానికి లెక్క వేసుకోవాలి. బెరెనికె నుంచి భారతదేశానికి ఓడలు నైరుతి ఋతుపవనం మీద జూలైలో బయలుదేరతాయి, డెబ్భై రోజులకు ముజిరిస్‌లో దింపుతాయి. ఇటలీ నుంచి అలెగ్జాండ్రియాకు రెండు మూడు వారాలు, నైలు మీద పన్నెండు రోజులు, ఎడారిలో పన్నెండు రోజులు, ఓడ దొరికే దాకా మరికొన్ని రోజులు కలుపుకుంటే మే నెల సగం లోపల రోము విడవాలి. అక్కడ అద్దె ఏడాది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ముందుగా ఖాళీ చేసినంత మాత్రాన ఇంటివాడు మిగిలిన నెలన్నర అద్దె వదులుకోడు కాబట్టి, గదిలో దిగేటప్పుడే ఆ మాట తేల్చుకోవాలి.